తాడు చప్పుడు

రెండేళ్ళు పేల్చాం ఆ కొండని.
సైరన్ మూడుసార్లు మోగేది,
ఊళ్ళో స్లెడ్జి కుక్కలన్నీ ఒక్క గొంతుతో ఊళపెట్టేవి,
తర్వాత నేల అడుగున ఎవరో ముసలాయన
దగ్గినట్టు ఒక్క దగ్గు.
మేం చిన్నప్పుడు నల్లబెర్రీలు ఏరుకున్న వాలు
కంకరై రన్‌వే కింద పడుకుంది.
దాని కోసం నేనేం ఏడవలేదు.
హెలికాప్టర్‌కి వాతావరణం కుదరక
మా చిన్నాన్న శవప్పెట్టె పదకొండు రోజులు
ఆస్పత్రి వెనక ఎదురుచూడ్డం
చూసినవాణ్ణి.

నా పని పేలుళ్ళు కాదు, పలకలు.
టెర్మినల్ తలుపు నుంచి బస్‌స్టాప్ దాకా
నలభై రెండు మీటర్ల పసుపు పలకలు,
వాటి మీద ఉబ్బెత్తు చుక్కలు,
చూపులేనివాళ్ళ పాదాలు చదువుకోడానికి.
డెన్మార్క్ నుంచి ఓడలో వచ్చాయి,
ప్రతి పెట్టె మీదా గాజుగ్లాసు బొమ్మతో.
ఒక్కటీ పగలనివ్వలేదు.
దారం లాగి, మట్టం చూసి,
ఆగస్టంతా మోకాళ్ళ మీదే,
ఇసకలో అక్షరాలు దిద్దే పిల్లాడిలా.

సెప్టెంబరులో నడిచి చూడమని
నివిక్కాని పిలిచారు.
ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు రొయ్యలు ఒలిచిన మనిషి,
చూపు పోయి తొమ్మిదేళ్ళు.
ఇంజినీరు హెన్నింగ్ ఫైలు పట్టుకుని వెనకే,
నేను వాళ్ళ వెనక, ఊపిరి బిగబట్టి.
ఒక్క పలకా తప్పలేదావిడ.
స్తంభాన్ని అరచేత్తో తట్టి, "బావుంది" అంది.
హెన్నింగ్ టిక్కు పెట్టాడు.
"మంచు పడ్డాక మళ్ళీ పిలవండి" అంది.
దానికి ఫైల్లో గడి లేదు.

పడింది. అక్టోబరు వెళ్ళకుండానే మోకాటి లోతు.
పార అటు తిరిగేలోపు ఇటు పూడిపోయేది.
నా చుక్కలన్నీ ఎక్కడో అడుగున,
ఎవరూ తెరవని పుస్తకం.
పిలవకపోయినా వచ్చింది నివిక్కా.
తలుపు దాటి, బూటుతో ఒకసారి తడిమి,
"నీ రాత మీద సున్నం కొట్టేశారు, పావియా!"
పగలబడి నవ్వింది.
నాకు నవ్వు రాలేదు.

ఇంతలో తల ఓ పక్కకి వంచింది.
టంగ్.
టంగ్. టంగ్‌టంగ్.
బస్‌స్టాప్ పక్కన జెండాకొయ్యకి
ఎవరో వదులుగా కట్టిన తాడు,
గాలికి ఇనుముని వాయిస్తోంది.
లోపాల జాబితాలో అది పదిహేడోది:
"చప్పుడు. సరిచేయవలెను."
పక్కన నా పేరు.
ఆవిడ మాత్రం కర్ర చంకలో పెట్టుకుని
ఎవరో పేరుపెట్టి పిలిచినట్టు
తిన్నగా వెళ్ళి నిలబడింది,
బస్సు ముందు తలుపు ఎక్కడ తెరుచుకుంటుందో
సరిగ్గా అక్కడ.

తాడు వదిలేశాను.
నేను వదిలేశాను కానీ,
డిసెంబరులో దీపాలు బాగుచేయడానికొచ్చిన కుర్రాడు,
పనిమంతుడు పాపం,
దాన్ని మూడు ముడులేసి బిగించి పోయాడు.
ఆ సాయంత్రం మూడో నంబరు బస్సు డ్రైవరు
హెడ్‌లైట్ల వెలుగులో చూశాడు:
రన్‌వే కంచె పట్టుకుని నివిక్కా,
కనురెప్పల మీద మంచు పేరుకుని,
స్టాపుకి ఆమడ దూరంలో ఉన్నట్టు.
నిజానికి ఇరవై అడుగులే.

ఆ ముడి విప్పడానికి చేతి తొడుగులు తీసేశాను.
రెండు వేళ్ళ చర్మం ఇనుముకే ఇచ్చేశాను.
పదిహేడో అంశం ఎదురుగా
"పూర్తయినది" అని రాసి సంతకం పెట్టాను.
హెన్నింగ్ వచ్చి విన్నాడు. టంగ్‌టంగ్.
నా వైపు చూశాడు, ఫైలు వైపు చూశాడు,
"మరి గాలి లేని రోజు?" అన్నాడు మెల్లగా.

అదే మాట నివిక్కాని అడిగాను.
"గాలి లేని రోజు విమానం ఎవడిక్కావాలి?
మేనకోడల్ని తీసుకుని పడవేసుకుపోతా, చేపలకి."

ఏప్రిల్‌లో మంచు కరిగింది.
పలకలు బయటపడ్డాయి,
పదకొండు పగిలాయి.
దారం, మట్టం తీసుకుని మళ్ళీ మోకాళ్ళ మీద కూచున్నాను.
నెత్తిమీద తాడు వాగుతూనే ఉంది.